చేతులు కట్టుకుని చేసే సేవ

(కాలిఫోర్నియా బే ఏరియాలో, ఒక లైబ్రరీ హాల్లో జరిగిన తెలుగు కుటుంబాల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్లకి వినబడుతోందా అండీ? సరే.

పిలిచినవాళ్లు కార్డు మీద “స్టేట్ పార్కుల్లో స్వచ్ఛంద సేవ” అని వేశారు. అది చూసి మీలో కొంతమంది, ఈవిడ చెత్త ఏరడానికో మొక్కలు నాటడానికో మనుషుల్ని పోగుచేసుకు పోవడానికి వచ్చిందనుకుని ఉంటారు. పారలూ గ్లవుజులూ ఏమీ తేలేదు, నిశ్చింతగా కూర్చోండి. (నవ్వులు) నేను చేసే పనిలో ఎక్కువ భాగం ఊరికే నిలబడటం. చలిగాలిలో, కళ్లల్లో ఇసుక పడుతుంటే నిలబడి, “ఇంకో రెండడుగులు వెనక్కి రండి” అని నవ్వుతూ చెప్పడం. మా అమ్మ మొదటిసారి విని, “దీనికి అంత దూరం కారేసుకుని వెళ్లాలా?” అంది. ఆవిడ అడిగినదానికే ఇవాళ జవాబు చెబుతాననుకోండి.

నేను వెళ్లే చోటు ఆన్యో నువేవో స్టేట్ పార్కు. శాంటాక్రూజ్ నుంచి ఒకటో నంబరు హైవే మీద ఉత్తరానికి ఇరవై మైళ్లు. సముద్రంలోకి పొడుచుకొచ్చిన నేల, దాని ఎదురుగా చిన్న దీవి. స్పెయిన్ నావికుడు సెబాస్టియన్ విస్కయీనో ఓడలు 1603 జనవరి 3న ఇటుగా వెళ్తుంటే, ఓడలో ఉన్న పాదిరీ ఈ కొమ్ముకి ఆన్యో నువేవో అని, అంటే స్పానిష్‌లో కొత్త సంవత్సరం అని, పేరు పెట్టాడు. అంతకు ఎన్నో వేల ఏళ్ల ముందు నుంచీ ఇక్కడ క్విరోస్తె జాతివాళ్లు ఉన్నారు, వాళ్లు ఏమని పిలిచేవారో ఎవరూ అడగలేదు. దీవి మీద ఒకప్పుడు లైట్‌హౌసు ఉండేది. 1948లో మూసేశారు. కాపలాదారు కుటుంబం ఉన్న ఇంట్లో ఇప్పుడు సీ లయన్లు కాపురం ఉంటున్నాయి. బైనాక్యులర్స్‌లో చూస్తే గోడలు కనబడతాయి.

అక్కడికి జనం వచ్చేది ఎలిఫెంట్ సీళ్లనే పెద్ద సముద్ర జంతువుల కోసం. మగది పద్నాలుగు, పదహారు అడుగుల పొడవు ఉంటుంది. బరువు 5,000 పౌండ్ల దాకా వెళ్తుంది, అంటే రెండు టన్నుల పైమాట. ముక్కు తొండంలా కిందికి వేలాడుతుంటుంది. బరువులో ఆడవి అందులో సగం కూడా ఉండవు. ఏడాదిలో ఎక్కువ భాగం నడిసముద్రంలోనే గడుపుతాయి. ఒక్కో మునకకి ఇరవై నిమిషాలు, అరగంట. వెయ్యి, రెండువేల అడుగుల లోతు వాటికి మామూలే. అయిదువేల అడుగులు దాటి వెళ్లినవీ రికార్డులో ఉన్నాయి.

ఇప్పుడు రెండు లక్షలకు పైగా ఉన్నాయి. కానీ పందొమ్మిదో శతాబ్దంలో వీటి కొవ్వు కరిగించి దీపాల నూనెకి వాడారు. చంపీ చంపీ ఇక లేవు అనే స్థితికి తెచ్చారు. 1892లో మెక్సికో వారి గ్వాడలూపె దీవికి ఒక శాస్త్రయాత్ర వెళ్లింది. అంతరించిపోయాయనుకున్న జంతువులు అక్కడ ఎనిమిదో, తొమ్మిదో కనబడ్డాయి. శాస్త్రవేత్తలు ఏం చేశారనుకుంటున్నారు? ఏడింటిని చంపి మ్యూజియానికి పట్టుకెళ్లారు. పోయేముందు నమూనా దాచుకోవాలి కదా అని! నాకు ఈ సంగతి చెప్పేటప్పుడల్లా కోపం వస్తుంది. చెడ్డవాళ్లు కాదు వాళ్లు, జంతువుల మీద ప్రేమ ఉన్నవాళ్లే. ఏదో ఒకటి చెయ్యకుండా ఉండలేకపోయారు.

వంద కూడా మిగల్లేదని అంచనా. 1922లో మెక్సికో ప్రభుత్వం ఆ దీవిని రక్షిత ప్రాంతం చేసి, సైనికుల్ని కాపలా పెట్టింది. అంతే. ఎవరూ వాటిని పెంచలేదు, తిండి పెట్టలేదు, తెచ్చి ఇంకో చోట వదల్లేదు. జోలికి పోకుండా వదిలేశారు. అవే పెరిగాయి, అవే ఉత్తరానికి పాకాయి. 1955లో మా ఆన్యో నువేవో దీవి మీద కనబడ్డాయి. 1961లో దీవి మీద మొదటి పిల్ల పుట్టింది. 1975లో ఒడ్డు మీదే, మనం నడిచే నేల మీదే, పిల్ల పుట్టింది. ఈ రోజున కనబడే ప్రతి ఎలిఫెంట్ సీలూ ఆ గుప్పెడు ప్రాణాల సంతానమే.

అవి ఒడ్డెక్కాక అసలు చిక్కు మొదలైంది. జనం రాకుండా ఉంటారా? పిల్లల్ని పక్కన నిలబెట్టి ఫొటోలు, దగ్గరికెళ్లి కర్రతో పొడిచి చూడటాలు. 1970లలో తాకిడి బాగా పెరిగాక, పిల్లలు పెట్టే కాలంలో గైడు లేకుండా అడుగుపెట్టకూడదని నియమం పెట్టారు. ఇప్పటికీ డిసెంబరు 15 నుంచి మార్చి 31 దాకా అంతే. ఆ గైడులం మేము. డోసెంట్లు అంటారు. జీతం లేదు. నీలం జాకెట్టూ, బోలెడంత చలీ ఉంటాయి.

ఆ మూడున్నర నెలల్లో అక్కడ ఏం జరుగుతుందో కొంచెం చెప్పనివ్వండి, ఇది నాకు ఇష్టమైన భాగం.

ముందు మగవి వస్తాయి. ఒడ్డు మీద ఎవరి చోటు ఎంతో తేల్చుకోవాలి. రొమ్ములు ఎగరేసి, మెడల మీద కోరలతో కొట్టుకుంటాయి. రక్తాలు కారతాయి. భీమవరం నుంచి వచ్చిన ఒక బాబాయిగారు అది చూసి, “ఇదేంటమ్మా, అచ్చం మా సంక్రాంతి పందేలే! కత్తి ఒక్కటే తక్కువ” అన్నారు. (నవ్వులు) తేదీ కూడా సంక్రాంతి దగ్గరే మరి. ఒకటి గుర్తుంచుకోండి, చాలా తగవులు కొట్లాట దాకా రావు. పెద్దది గొంతెత్తి ఒక్క అరుపు అరిస్తే చిన్నది వెనక్కి జరుగుతుంది. అక్కడ నెగ్గిన కొద్ది మగవాటికే సంతానం. మిగతా వాటిలో చాలావాటికి బతుకంతా ఆ అవకాశమే రాదు.

డిసెంబరు నడిమి నుంచి ఆడవి వస్తాయి. వచ్చిన వారానికల్లా ఈనతాయి. పిల్ల పుట్టినప్పుడు డెబ్బై అయిదు పౌండ్లు. నాలుగు వారాలు పాలు తాగి మూడింతలో, నాలుగింతలో అవుతుంది. ఆ పాలల్లో సగం వెన్నే. తల్లి ఆ నాలుగు వారాలూ గుటకెడు నీళ్లు తాగదు, ఒక్క చేప తినదు. ఒంట్లో కొవ్వంతా పిల్లకి పోసి, తన బరువులో మూడో వంతు పైనే పోగొట్టుకుని, మళ్లీ జతకట్టి, ఒకరోజు వెనక్కి చూడకుండా సముద్రంలోకి వెళ్లిపోతుంది. మళ్లీ రాదు. పిల్లకి ఈత నేర్పేవాళ్లు లేరు, వేట నేర్పేవాళ్లు లేరు. నీటిగుంటల్లో తనే మునిగి తేలి నేర్చుకుని, ఏప్రిల్‌లో తనే బయల్దేరుతుంది. ఈ మాట చెప్పగానే మన అమ్మమ్మలు అందరూ “అయ్యో!” అంటారు. ఆ తల్లి మీద కోపం కూడా తెచ్చుకుంటారు. ఒకావిడ అయితే ఇంటికి వెళ్లేదాకా కారులో దాన్ని తిడుతూనే ఉన్నారట, కూతురు తర్వాత చెప్పింది.

కొన్ని పిల్లలు మహా గడుసువి. తన తల్లి వెళ్లిపోయాక ఇంకో తల్లి దగ్గర చేరి దొంగతనంగా పాలు తాగుతాయి. ఆరువందల పౌండ్ల దాకా పెరిగి, కదల్లేక పడి ఉంటాయి. పాలు మానిన పిల్లని ‘వీనర్’ అంటారు, వీటికి ‘సూపర్ వీనర్’ అని ముద్దుపేరు.

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న సంగతికి వస్తాను.

జనవరిలో తుపాను వచ్చినప్పుడు, పౌర్ణమి అమావాస్యల పోటు తోడైతే, కెరటాలు ఒడ్డు చివరిదాకా వస్తాయి. నెల నిండని పిల్లకి ఈత రాదు. తల్లి నుంచి విడిపోతుంది. 1983 జనవరిలో అలాంటి తుపానులకి ఆన్యో నువేవోలో ఆ ఏడాది పిల్లల్లో చాలా భాగం పోయాయి. మామూలు ఏడాదుల్లో కూడా కొన్ని తప్పిపోతాయి. తల్లి కోసం అరుస్తూ పక్క ఆడదాని దగ్గరికి పాకుతుంది పిల్ల. అది కరిచి తరిమేస్తుంది. ఇంకో దాని దగ్గరికి వెళ్తుంది. అక్కడా అంతే. మగవి పోట్లాడుకుంటూ పరిగెత్తేటప్పుడు కాళ్ల కింద ఏముందో చూడవు, వాటికి కాళ్లే లేవు కదా, రెండు టన్నుల ఒళ్లు పడుతుంది.

మీ వెనక ఇరవై మంది నిలబడి ఉంటారు. అందులో ఆరేళ్ల పాప ఉంటుంది. “ఆంటీ, దాన్ని వాళ్లమ్మ దగ్గరికి తీసుకెళ్లవా?” అంటుంది.

తీసుకెళ్లను. తీసుకెళ్లకూడదు. 1972లో వచ్చిన సముద్ర క్షీరదాల రక్షణ చట్టం ప్రకారం ముట్టుకోవడమే నేరం. పార్కు నియమం ప్రకారం ఇరవై అయిదు అడుగుల దూరం దాటి లోపలికి అడుగు వెయ్యకూడదు. సరే, చట్టం పక్కన పెట్టండి. నేను వెళ్తే ఏమవుతుంది? నన్ను చూసి ఆ చుట్టూ ఉన్న ఆడవి బెదురుతాయి. అటూ ఇటూ జరుగుతాయి. జరిగితే ఇంకో మూడు పిల్లలు తల్లుల నుంచి విడిపోతాయి. మగది లేస్తే ఎవరు నలుగుతారో చెప్పలేం. ఒక్కదాన్ని కాపాడబోయి నాలుగింటి ప్రాణం మీదికి తెస్తాను. అదీగాక ఆ తల్లి ఎక్కడుందో మీకూ నాకూ తెలియదు. వాసన పట్టి, గొంతు పట్టి, రాత్రికి వెతుక్కుంటూ రావచ్చు. రాకపోవచ్చు. చచ్చిపోతే గద్దలూ, గల్స్ అనే సముద్రపక్షులూ తింటాయి. అవి కూడా పార్కులో భాగమే.

ఇది చెప్పడం తేలిక. ఆ పాప కళ్లల్లోకి చూస్తూ చెప్పడం తేలిక కాదు. శిక్షణలో ఎన్ని పాఠాలు చెప్పినా ఇది అక్కడే నేర్చుకోవాలి. కొత్తగా చేరినవాళ్లు కొందరు ఈ ఒక్క కారణంతో మానేస్తారు. నేను వాళ్లని తప్పు పట్టను. నా మటుకు నేను ఆ పాపకి అబద్ధం చెప్పను. “వాళ్లమ్మ వస్తుందిలే” అనను. “రావచ్చు, రాకపోవచ్చు. మనం దగ్గరికెళ్తే మాత్రం తప్పకుండా రాదు” అంటాను. పిల్లలు అర్థం చేసుకుంటారు. పెద్దవాళ్లే బేరాలాడతారు, “ఎవరూ చూడట్లేదు కదండీ” అని.

నడక మూడు మైళ్ల పైచిలుకు, రెండున్నర గంటలు. చూపించడానికి సీళ్లు ఎలాగూ అక్కడే ఉన్నాయి, దానికి నేను అక్కర్లేదు. జనం ఇంత ఖర్చుపెట్టుకుని, ఇంత దూరం వచ్చి, ఇంత ఆనందంగా ఉన్నప్పుడు, ఆ ఆనందం చెడకుండా వాళ్లని ఇరవై అయిదు అడుగుల అవతల ఉంచడం, అదీ నా పని. కసిరితే మళ్లీ రారు. వదిలేస్తే మీద పడతారు. దానికి ఒక ఉపాయం ఉంది. దూరం నుంచి చూడదగ్గది ఏదో ఒకటి చెబుతుండాలి. “ఆ వీపు మీద నంబరు చూశారా?” అంటాను. శాంటాక్రూజ్ విశ్వవిద్యాలయం వాళ్లు అరవైల చివర్లో బర్నీ లెబఫ్ గారి కాలం నుంచీ ఇక్కడ పరిశోధన చేస్తున్నారు. ఏ సీలు ఏదో గుర్తుపట్టడానికి వీపు మీద, మనం జుట్టుకి వేసుకునే రంగుతోనే, నంబర్లు వేస్తారు. ఇది చెప్పగానే మగవాళ్లు నవ్వుకుంటూ ఒకళ్ల తల ఒకళ్లు చూసుకుంటారు. (నవ్వులు) ముందుకు జరగడం మర్చిపోతారు.

“ఇవి పొద్దస్తమానం పడుకునే ఉంటాయేమిటండీ, బద్ధకం!” అంటారు ఇంకొందరు. వీటి నిద్ర మీద 2023లో ఒక పరిశోధన వచ్చింది. ఆన్యో నువేవో సీళ్ల తలలకి యంత్రాలు పెట్టి కొలిచారు. సముద్రంలో ఉన్న నెలల్లో రోజుకి సుమారు రెండే గంటల నిద్ర. అదీ పది నిమిషాల చొప్పున, లోతుకి మునిగి, గిరికీలు కొడుతూ కిందికి జారుతూ. ఏడు నెలల నిద్ర బాకీ ఉంది, ఒడ్డు మీద తీర్చుకుంటున్నాయి. సిలికాన్ వ్యాలీ వాళ్లకి ఇది వివరించక్కర్లేదు.

వేసవిలో ఇంకో తంతు. పాత చర్మం వెంట్రుకలతో సహా అట్టలు అట్టలుగా ఊడిపోతుంది. చూస్తే ఏదో ఘోరమైన రోగం వచ్చినట్టుంటుంది. “మీ సీలు చచ్చిపోతోంది, డాక్టర్ని పిలవండి” అని గాభరాపడి చెప్పేవాళ్లు ఎంతమందో! ఏమీ కాలేదండీ, ఏటా అంతే.

ఇక కొండ మీదికి వెళ్దాం. ఆన్యో నువేవోకి దగ్గర్లోనే, శాంటాక్రూజ్ కొండల్లో బిగ్ బేసిన్ ఉంది. మీలో చాలామంది వెళ్లే ఉంటారు. రెడ్‌వుడ్ చెట్లు. కాలిఫోర్నియా మొట్టమొదటి స్టేట్ పార్కుల్లో అన్నిటికంటే పాతది, 1902 నాటిది. అది పుట్టిందే మామూలు మనుషుల పట్టుదల వల్ల. శాన్ హోసేలో ఆండ్రూ హిల్ అని ఒక ఫొటోగ్రాఫర్ ఉండేవాడు. ఫెల్టన్ దగ్గర ఒకరి సొంత తోటలో రెడ్‌వుడ్లని ఫొటో తీస్తే, యజమాని వచ్చి నెగటివులు ఇచ్చెయ్యమని కూర్చున్నాడు. ఈ చెట్లు ఒకడి సొత్తు ఎలా అవుతాయని హిల్‌కి ఒళ్లు మండింది. 1900 మేలో కొంతమందిని వెంటబెట్టుకుని బిగ్ బేసిన్ అడవిలోకి వెళ్లి, ఒక బండ పక్కన కూర్చుని, ఆ అడవిని కాపాడటానికి సెంపర్‌వైరెన్స్ క్లబ్ అని ఒక సంఘం పెట్టారు. టోపీ తిప్పి చందాలు పోగు చేస్తే 32 డాలర్లు వచ్చాయి. అందులో రచయిత్రి క్యారీ స్టీవెన్స్ వాల్టర్ ఉన్నారు, తర్వాత పాదిరీలు, ప్రొఫెసర్లు, ఆడవాళ్ల సంఘాలు కలిశాయి. రెండేళ్లలో రాష్ట్ర ప్రభుత్వం చేత అడవి కొనిపించారు. ఇవాళ 18,000 ఎకరాల పైన ఉంది.

చేతులతో చేసే పని లేదనుకోకండి. కొండ శిఖరం నుంచి సముద్రం దాకా వెళ్లే స్కైలైన్ టు ద సీ కాలిబాటలో చాలా భాగం 1969లో ఒక్క వారాంతంలో వేలమంది స్వచ్ఛందంగా వచ్చి తవ్వినదే. ఇప్పటికీ వానలకి కోసుకుపోయిన బాటలు బాగుచెయ్యడానికి మనుషులు కావాలి. పార పట్టగలిగినవాళ్లు వెళ్లండి, చాలా మంచి పని. సాయంత్రానికి తిండి రుచి కూడా వేరేగా ఉంటుంది. నాకు నడుము సహకరించదు.

బిగ్ బేసిన్‌లో నాకు మన పులిహోరతో పేచీ ఉంది. నవ్వకండి. మార్బుల్డ్ మర్రెలెట్ అని ఒక చిన్న సముద్రపక్షి ఉంది. గుప్పెట్లో పట్టేటంత కాకపోయినా చిన్నదే. పగలంతా సముద్రంలో చేపలు పట్టుకుంటుంది. గూడు ఎక్కడ పెడుతుందో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 1974లో బిగ్ బేసిన్ క్యాంపు దగ్గర కొమ్మలు కొట్టడానికి చెట్టెక్కిన పనివాడికి, దాదాపు నూటయాభై అడుగుల ఎత్తున, నాచు పట్టిన లావాటి కొమ్మ మీద దాని పిల్ల కనబడింది. సముద్రపక్షి కొండ మీద, ముసలి చెట్టు కొసన! ఏడాదికి ఒక్క గుడ్డు పెడుతుంది. అది పోతే ఆ ఏడాదికి ఇక లేనట్టే.

ఆ గుడ్డుని తినేది స్టెల్లర్స్ జే. నీలంగా, నెత్తిన జుట్టుతో అందంగా ఉంటుంది. మనవాళ్లు “పాలపిట్ట! పాలపిట్ట!” అని దణ్ణం పెట్టబోతారు. పాలపిట్ట కాదండీ, అది కాకి కుటుంబం. తెలివి కూడా కాకి తెలివే. మనం పిక్నిక్ బల్ల దగ్గర పులిహోర మెతుకులు, కారప్పూస, బూందీ రాలిస్తే, వాటికోసం జేలు పోగవుతాయి. తిండి సులువుగా దొరికిన చోట వాటి సంఖ్య పెరుగుతుంది. మెతుకులు అయిపోయాక చుట్టుపక్కల కొమ్మల మీద ఏముందో చూస్తాయి. అంటే, బల్ల మీద రాలిన మెతుక్కీ చెట్టు కొసన పోయిన గుడ్డుకీ లంకె ఉంది. అందుకే అక్కడ ఒక్క తునక కూడా మిగల్చొద్దని అంత గట్టిగా చెబుతారు. క్యాంపుకి వచ్చినవాళ్లకి వీడియో చూపించి మాట తీసుకునేవారు.

మనకి ఇది కష్టం. మన ఇళ్లల్లో ముగ్గు బియ్యప్పిండితో వేసేది చీమలు తింటాయనే. తద్దినం రోజున కాకి వచ్చి ముట్టుకుంటే గానీ మనం భోజనానికి కూర్చోం. నోరులేని జీవానికి నాలుగు మెతుకులు వేస్తే పుణ్యమని పెరిగాం. నేను అది తప్పని చెప్పను, మా ఇంట్లో ఇప్పటికీ చేస్తాను. ఊళ్లో కాకి మన వాకిట్లోది, మన ఇంటి మనిషి లెక్క. అడవిలో జే మన వాకిట్లోది కాదు. మనమే దాని వాకిట్లో ఉన్నాం. ఒక పెద్దాయనకి ఇది చెప్తే, కాసేపు ఆలోచించి, ఒడిలో రాలిన మెతుకులు ఒక్కొక్కటీ ఏరి రుమాల్లో కట్టుకున్నారు. ఆయనకి నేను ఇంకేం చెప్పగలను?

తర్వాత 2020 ఆగస్టు. మెరుపులకి అంటుకున్న కార్చిచ్చు, సీజెడ్‌యూ మంటలు అంటారు. మొత్తం 86,000 ఎకరాల పైన కాలింది, బిగ్ బేసిన్‌లో నూటికి 97 పాళ్లు. ముప్పైలలో కట్టిన పాత చెక్కల ఆఫీసు, మ్యూజియం, క్యాంపులు, అన్నీ బూడిద. అందరికీ తోచింది ఒకటే, వెళ్లి మొక్కలు నాటుదామని. మంచి ఆలోచనే కానీ రెడ్‌వుడ్‌కి అక్కర్లేదు. అడుగు మందం బెరడు కింద ఎప్పటినుంచో నిద్రపోతున్న మొగ్గలు ఉంటాయి. పైన కాలితే అవి లేస్తాయి. 2023లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం, అలా లేచిన మొగ్గల్లో కొన్ని వెయ్యేళ్ల కిందటివి. ఆకు ఒక్కటి కూడా లేని చెట్టు వాటిని దేనితో పోషించిందో చూస్తే, దశాబ్దాల కిందట దాచుకున్న చక్కెరతో. మనం వెళ్లి తొక్కకుండా ఉంటే చాలు. 2022 జులైలో కొంత భాగం తెరిచారు. నల్లటి బోదెల చుట్టూ పచ్చటి బొచ్చులా చిగుళ్లు. స్వచ్ఛంద సేవకులు అక్కడ చేసింది మళ్లీ అదే, బాట దిగొద్దని చెప్పడం, ఎందుకో వివరించడం.

ఇంకొక్క సంగతి చెప్పి ప్రశ్నలకి వస్తాను. ఇది కొంచెం చేదు.

2011 మేలో కాలిఫోర్నియా ప్రభుత్వం, డబ్బు లేదు కాబట్టి 278 స్టేట్ పార్కుల్లో 70 మూసేస్తామంది. మన దగ్గరి కాసిల్ రాక్, పోర్టోలా, హెన్రీ కో, అన్నీ జాబితాలో ఉన్నాయి. ఊరూరా జనం లేచారు. చందాలు పోగుచేశారు. లాభాపేక్ష లేని సంస్థలు పార్కుల్ని నడపడానికి వీలుగా చట్టం కూడా చేశారు. సొనోమా దగ్గర జాక్ లండన్ పార్కుని ఇప్పటికీ అలాంటి సంస్థే నడుపుతోంది, బాగా నడుపుతోంది. గడువు వచ్చేసరికి దాదాపు అన్నిటికీ ఏదో ఒక దారి దొరికింది. సంబరం చేసుకున్నాం. అదే నెలలో, 2012 జులైలో, పార్కుల శాఖ లెక్కల్లో చూపకుండా ఉంచిన 54 మిలియన్ డాలర్లు బయటపడ్డాయి. డైరెక్టరు రాజీనామా చేశారు. పిల్లలు కేకులు అమ్మి పోగుచేసిన డబ్బు ఇచ్చినవాళ్లకి ఎలా ఉంటుందో ఆలోచించండి.

అప్పటినుంచీ నాకు ఒక అభిప్రాయం స్థిరపడింది, పార్కు అధికారుల ముందు కూడా చెబుతాను. స్వచ్ఛంద సేవకులు ఉన్నారు కదా అని, జీతం మీద పార్కుని కాపాడే రేంజర్ ఉద్యోగం తీసెయ్యకూడదు. నేను నవ్వుతూ “వెనక్కి రండి” అంటే పదిమందిలో తొమ్మండుగురు వస్తారు. రానివాడి కోసం చట్టం చేతిలో ఉన్న మనిషి కావాలి. గాయపడినవాణ్ణి మోసుకొచ్చేవాళ్లు కావాలి. మరుగుదొడ్లు కడిగే మనిషికి జీతం కావాలి. జీతం ఇవ్వాల్సిన పనిని సేవ పేరుతో మన చేత చేయించుకుంటుంటే, మనం సంతోషంగా చెయ్యడం కూడా ఒకరకంగా తప్పే. ఇక్కడా చేతులు కట్టుకోవడం తెలియాలి. దీనికి నాతో పనిచేసేవాళ్లలో అందరూ ఒప్పుకోరు. “ముందు గేటు తెరిచి ఉండనీ, తర్వాత వాదించుకుందాం” అంటారు. వాళ్ల మాటలోనూ నిజం ఉంది, మూసిన పార్కులో బాటలు ఒక్క ఏడాదికే పాడవుతాయి.

సరే, అడగండి.

ప్రశ్న: మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. ఇసుకలో నడవలేరు. సీళ్లని చూడలేరా?

చూడొచ్చమ్మా. నడవలేనివాళ్ల కోసం విడిగా నడకలు ఉన్నాయి, వాహనంలో దగ్గరిదాకా తీసుకెళ్తారు. ఇసుక మీద చెక్కల బాట ఉంది, చక్రాల కుర్చీ వెళ్తుంది. ముందుగా అడిగి బుక్ చేసుకోవాలి. పిల్లల బండి మాత్రం మామూలు నడకకి తేవద్దు, ఇసుకలో కూరుకుపోతుంది. కుక్కల్ని అసలు రానివ్వరు.

ప్రశ్న: మన వైపు సముద్రపు తాబేళ్ల గుడ్లు తీసి కాపాడుతున్నారు కదా. అది కూడా తప్పేనంటారా?

మంచి ప్రశ్న అండి. కాదు. విశాఖలో ఆర్కే బీచి, జోడుగుళ్లపాలెం దగ్గర ఆలివ్ రిడ్లే గుడ్లని తీసి కంచె వేసిన చోట పాతిపెట్టి, పిల్లలయ్యాక సముద్రంలో వదులుతారు. అటవీశాఖతో పాటు ఒడ్డున ఉండేవాళ్లు రాత్రిళ్లు కాపలా కాస్తారు. అక్కడ ఊరు ఒడ్డు దాకా వచ్చేసింది, కుక్కలు గూళ్లు తవ్వేస్తాయి. చేతులు కట్టుకుంటే ఒక్క గుడ్డూ మిగలదు. ఎక్కడ చెయ్యి పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు అన్నది ఆ చోటుని ఏళ్లతరబడి చూస్తున్నవాళ్లని అడగాలి. ఇక్కడ నేర్చుకున్న పాఠం అక్కడికి పట్టుకెళ్లి అప్పజెప్పకూడదు.

ప్రశ్న: నేను రిటైరయ్యాను. చెయ్యాలని ఉంది. కానీ నా ఇంగ్లీషు వీళ్లకి అర్థమవుతుందా?

నాది అర్థమవుతోంది కదండీ! (నవ్వులు) యాస సమస్య కాదు. గాలి హోరులో ఎవరి ఇంగ్లీషూ ఎవరికీ వినబడదు, గట్టిగా, నెమ్మదిగా మాట్లాడాలి, అంతే. పైగా శీతాకాలం వారాంతాల్లో తెలుగువాళ్లు, తమిళులు, గుజరాతీలు చాలామంది వస్తారు. తల్లిదండ్రుల్ని తీసుకొస్తారు. ఇంగ్లీషులో అందరికీ చెప్పి, నడుస్తూ ఆ పెద్దవాళ్లకి మన భాషలో నాలుగు ముక్కలు చెబితే వాళ్ల మొహాలు చూడాలి మీరు. శిక్షణ ఏటా సీజనుకి ముందు ఉంటుంది. రేంజర్లు, పరిశోధకులు వచ్చి పాఠాలు చెబుతారు. తర్వాత అనుభవం ఉన్నవాళ్ల వెంట కొన్ని నడకలు నడవాలి. గైడుగా వద్దనుకుంటే పుస్తకాల కొట్టులో కూర్చోవచ్చు, సీళ్లు కనబడే చోట నిలబడి వచ్చేపోయేవాళ్ల ప్రశ్నలకి జవాబు చెప్పొచ్చు. ఒక్కటే, ఒప్పుకున్న రోజున వాన పడినా రావాలి. రిజర్వేషను చేసుకున్నవాళ్లు ఫ్రెస్నో నుంచి కూడా వస్తారు, గైడు లేకపోతే గేటు దగ్గరనుంచే తిరిగి పోవాలి.

ప్రశ్న: మా పిల్లాడికి పన్నెండేళ్లు, వాడిని కూడా చేర్చుకుంటారా?

గైడుగా కాదు. ఇప్పటికి మీతో నడకకి తీసుకురండి, నా గుంపులో పడితే వాడికి బైనాక్యులర్స్ ఇస్తాను. ఇంకెవరైనా? లైబ్రరీ ఆవిడ గడియారం చూపిస్తున్నారు, హాలు ఖాళీ చెయ్యాలట. మిగతావి బయట టీ దగ్గర మాట్లాడుకుందాం.